కడ్డీకీ మెడకీ మధ్య దిండు

ఆ రోజుల్లో బళ్లారిలో ఎవరినైనా ఏ కులమని అడగొచ్చు, ఏ పార్టీకి ఓటేశావని అడగొచ్చు, బస్సులో పక్కసీట్లో కూర్చున్నాడన్న ఒక్క చనువుతో జీతమెంతని కూడా అడగొచ్చు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కానీ సత్యనారాయణపేటలో మా జిమ్ముకు వచ్చే మనిషిని మాత్రం "స్క్వాట్ చేసేటప్పుడు బార్‌కు దిండు కడతావా, కట్టవా?" అని అడిగితే తలలు పగిలేవి. తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇనుపకడ్డీకి రెండువైపులా బరువు చక్రాలు తగిలించి, దాన్ని మెడ వెనక పెట్టుకుని గుంజీలు తీయడమే స్క్వాట్. చిన్నప్పుడు మా ఊరు సిరిగేరి బడిలో ఎక్కాలు రాకపోతే అయ్యవారు తీయించినవి కూడా అవే. అప్పుడు ఏడుస్తూ తీసిన గుంజీలను పెద్దయ్యాక ఫీజు కట్టి మరీ తీశాను. ఆ కడ్డీ మెడ ఎముకను ఒరుసుకోకుండా దానికి చుట్టే మెత్తటి స్పాంజి గొట్టాన్ని పాడ్ అంటారు. మా జిమ్ములో దాన్ని దిండు అనేవారు. (మర్యాదగా మాట్లాడే రోజుల్లో. మిగతా రోజుల్లో ఏమనేవారో అచ్చులో రాయలేను.)

నేనప్పుడు జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్లో కొత్తగా చేరిన సూపర్‌వైజరును. మా మేనత్త ఇంట్లో ఉండేవాడిని. ఒళ్ళు పెంచాలన్న బుద్ధి నాకై నాకు పుట్టలేదు. సిరుగుప్పలో రైసుమిల్లు ఉన్న ఒకాయన తన కూతురికి సంబంధం వెతుకుతూ నా ఫోటో చూశాడట. "పిలగాడు మంచోడే గానీ, వడ్లు తూర్పారబట్టేటప్పుడు పక్కన నిలబెడితే పొట్టుతో పాటు ఎగిరిపోయేటట్టుండాడు" అన్నాడట. ఈ మాటను మధ్యవర్తి మా అత్తకు చేరవేశాడు. మా అత్త దాన్ని మా వీధిలో ఉన్న ప్రతి ఇంటికీ చేరవేసింది. "పంట కోతలైనాక ఒకతూరి వచ్చి నేరుగా చూస్తారంట, అంతలోపల రవ్వంత కండ పట్టించుకోరా నాయనా" అని నాకు రోజూ రెండు గుడ్లు ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది. కోతలకు ఎక్కువ గడువు లేదు. అమ్మాయి ఫోటో అప్పటికే నా చొక్కా జేబులోకి చేరిపోయింది. అందుకని టైర్ల షాపు మేడ మీద ఉన్న జిమ్ములో చేరాను.

జిమ్ము నడిపే ఆయనను అందరూ మాస్టరప్ప అనేవారు. కండలు ఎక్కడెక్కడ ఉండాలో అక్కడక్కడ ఉండేవి, పొట్ట మాత్రం ఎవరి మాటా వినకుండా పెరిగింది. ఆయన బోడి కడ్డీ పక్షం. మొదటి వారంలోనే నా మెడ కింద ఎముక దగ్గర ఎర్రగా కందిపోయింది. భయపడుతూ వెళ్ళి చెప్పాను.

"మాస్టరప్పా, బార్ పెట్టుకుంటే మెడ ఎముక నొస్తాండాది."

"నొయ్యాల. నొప్పి ల్యాకుండా కండ యాడ్నుంచి వస్తాది?"

"ఆ దిండు చుట్టుకుంటే..."

"దిండు గావాలంటే ఇంటికి పోయి పండుకో, సిరిగేరప్పా." (ఆయన ఎవరినీ పేరుతో పిలవడు, ఊరితోనే పిలుస్తాడు.) "ఇనుము నేరుగా ఒంటికి తగలాల. నడుమ దిండు పెడితివనుకో, ఇనుముకి నీ మింద గౌరవం పోతాది. నువ్వు పుట్టకముందు నుంచీ మోస్తాండా నేను. నాకు గొత్తు, నీకేం తెలుసు?"

ఇనుముకు నా మీద గౌరవం ఉండాలన్న ఆలోచన అంతవరకూ నాకెప్పుడూ రాలేదు. ఇంటికి వచ్చాక చాలాసేపు ఆలోచించాను కూడా. ఎదుటి పక్షానికి నాయకుడు ఒక బ్యాంకు సారు. ఆయన ఫోనులో వీడియోలు చూసి వచ్చి ప్రతి మాటనూ "సైన్సు ప్రకారం" అని మొదలుపెట్టేవాడు. సైన్సు ప్రకారం పాడ్ లేకుండా స్క్వాట్ చేయడం వెన్నెముకను చేతులారా పాడుచేసుకోవడమేనట. ఆయన స్క్వాట్ చేయగా చూసినవాళ్ళు మాత్రం జిమ్ములో ఎవరూ లేరు. కానీ స్క్వాట్ గురించి మాట్లాడుతూ ఆయన కార్చిన చెమట తక్కువేమీ కాదు.

నేను సైన్సు వైపే మొగ్గాను, ఎందుకంటే నొప్పి నాది. మా యూనిట్లో కుట్టు తప్పిన జీన్సు ప్యాంటు ఒకటి మూలన పడి ఉంటే దాని కాలొకటి కత్తిరించి, లోపల స్పాంజి కూరి, మిషన్ మీద నేనే కుట్టి ఒక దిండు తయారుచేశాను. కత్తిరించడంలో కొంచెం పైకి పోయానేమో, వెనక జేబు కూడా దానికే ఉండిపోయింది. ఆ జేబులో ఫోను పెట్టుకుని పాటలు వింటూ గుంజీలు తీస్తుంటే నా అంత సుఖపురుషుడు లేడనిపించింది. ఆ సుఖం ఒక్క సాయంత్రమే. మరునాడు మాస్టరప్ప దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు. "సూడండప్పా, సిరిగేరాయన దిండు! బాలింత గూడా ఇంత మెత్తంది అడగదు!" జిమ్మంతా నవ్వింది. బ్యాంకు సారు కూడా నవ్వాడు, అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది. దిండును మాస్టరప్ప జప్తు చేశాడు. రెండ్రోజుల తర్వాత అది ఆయన కుర్చీకీ ఆయన నడుముకూ మధ్య కనిపించింది. (కుర్చీకి ఆయన మీద గౌరవం ఎంత మిగిలిందో నేను అడగలేదు.)

ఇక పౌరుషం వచ్చింది. బోడి కడ్డీతోనే, అదీ బరువు పెంచి మరీ చేయడం మొదలుపెట్టాను. కండ సంగతి ఏమోగానీ మెడ మీద రేగుపండంత బొప్పి లేచి, పైన తోలు గీసుకుపోయి, చివరికి తల ఎటు తిప్పాలన్నా నడుముతో సహా తిరగాల్సి వచ్చేది. ఒక ఆదివారం పొద్దున అత్త దానికి పసుపూ సున్నమూ కలిపి పట్టు వేస్తోంది. సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది. రైసుమిల్లాయన దిగాడు. ఆయన వెనకే అమ్మాయి కూడా దిగింది. (బతికేది నేనైతే చూసేది మీరొక్కరేనా అని నాన్నతో పట్టుబట్టి వచ్చిందని తర్వాత తెలిసింది.) అత్త కంగారులో సున్నం చేతితోనే నమస్కారం పెట్టింది.

కాఫీలయ్యాయి. నేను వంగి గ్లాసులు తీసుకుంటుంటే రైసుమిల్లాయన చూపు నా మెడ మీద పడింది. ఆయన మొహం మారిపోయింది.

"ఏందప్పా అది? మూటలు మోస్తాండావా? సూపర్‌వైజరని జెప్పిరే!"

"మూటలు కాదు మామా, స్క్వాట్లు. జిమ్ములో. ఇనపకడ్డీ మెడ మింద పెట్టుకొని కూర్చోని లేస్తాం."

"కూర్చోని లేసి? దాన్ని యాడికి తీసకపోతారు?"

"యాడికీ ల్యా. మల్లా ఉన్న చోటనే పెడతాం."

"దానికి నీకు ఎంతిస్తారు?"

"వాళ్ళిచ్చేది కాదు మామా. నేనే కడతా, నెలనెలా."

"మా మిల్లులో హమాలీలుండారు. వాళ్ళ మెడ మింద గూడా ఇట్లాంటి కాయే ఉంటాది. వాళ్ళు మూట ఒకచోట ఎత్తితే ఇంకోచోట దించుతారు, దానికి మేం కూలి ఇస్తాం. నువ్వు జెప్పేది యాడా ఇనలేదప్పా" అన్నాడు. ఆయన గొంతులో అనుమానం స్పష్టంగా తెలుస్తోంది. ఈ పిలగాడు యూనిట్లో లోడింగు పని చేస్తూ సూపర్‌వైజరునని చెప్పుకుంటున్నాడని ఆయన నిశ్చయించుకున్నాడు. అమ్మాయి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కంటి కొసకు కనిపించింది. నవ్వుతోందో, బాధపడుతోందో నాకు తెలియలేదు, తల తిప్పి చూసే అవకాశం నాకు లేదు కదా. అత్తకు రోషం వచ్చింది. "జిమ్ము ఈ సందు మలుపులోనే ఉండాది, పోయి మీ కండ్లతో సూడండి. మా పిలగాడు అబద్ధమాడేటోడు కాదు" అంది. అందరం బయల్దేరాం.

మేడ మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టేసరికి నాకు మతి పోయింది. ప్రతి కడ్డీకీ గులాబీ రంగు కొత్త పాడ్ తొడిగి ఉంది. మూలన ఇంకా విప్పని అట్టపెట్టెలున్నాయి. ముందురోజు హుబ్బళ్ళి నుంచి ఒక ఏజెంటు వచ్చి మాస్టరప్పకు పాడ్ల డీలర్‌షిప్పు ఇచ్చి వెళ్ళాడట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. రైసుమిల్లాయన నేరుగా మాస్టరప్ప దగ్గరికి పోయి, "ఈ పిలగాని మెడ మింద కాయ మీ కడ్డీతోనే అయిందంటాండాడు, నిజమేనా?" అని అడిగాడు.

మాస్టరప్ప రెప్ప కూడా కొట్టలేదు. "ఛఛ! మా జిమ్ములో పాడ్ ల్యాకుండా బార్ ముట్టనీను సార్. మొదట్నుంచీ అంతే. సేఫ్టీ ముఖ్యం గదా!"

"మాస్టరప్పా!" అని అరిచాను. "ఇనుముకి గౌరవం పోతాదని నువ్వే గదా..."

"పాపం, పిలగానికి యాడనో గట్టిగా తగిలినట్టుండాది" అని ఆయన జాలిగా అన్నాడు.

సాక్ష్యానికి బ్యాంకు సారు వైపు మొత్తం ఒళ్ళు తిప్పి చూశాను. మాస్టరప్ప పాడ్ పక్షానికి వచ్చేశాడు కనుక ఆయన అప్పటికే అవతలి పక్షానికి మారిపోయి ఉన్నాడు. "సైన్సు ప్రకారం పాడ్ వేస్తే బార్ దొర్లుతుంది, బ్యాలెన్సు పోతుంది" అని ఎవరికో ఉపదేశిస్తున్నాడు. (ఆ ఒక్కరోజు మాత్రం సైన్సు నిజమే చెప్పింది. వినే స్థితిలో నేను లేను.) ఇక మాటలతో లాభం లేదని, చేసి చూపిస్తే నమ్ముతారని, పౌరుషంగా పోయి గులాబీ పాడ్ ఉన్న కడ్డీ కింద దూరాను. రోజూ చేసే బరువుకు ఇంకొంచెం కలిపాను కూడా. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి చూస్తున్నప్పుడు తక్కువ బరువు ఎత్తిన మగవాడు ఇంతవరకూ పుట్టలేదు.

కిందికి దిగడం బాగానే దిగాను. పైకి లేస్తున్నప్పుడు ఆ లావుపాటి పాడ్ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. దానితోపాటు కడ్డీ కూడా నా మెడ మీదికి, అక్కడి నుంచి తల వైపుకు ప్రయాణం కట్టింది. ముందుకు వంగాను. ఇంకా వంగాను. రెండువైపులా ఉన్న స్టాండు మీద కడ్డీ ధడేల్మని పడి ఆగింది. దాని కింద నుంచి జారిన నేను మాత్రం ఆగలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, బోర్లా, రైసుమిల్లాయన చెప్పుల ముందు పడ్డాను. పెద్దమనిషి కదా, అలవాటు కొద్దీ ఆయన చేయి దీవించడానికి దానంతటదే లేచింది. "సల్లగుండు నాయనా, లెయ్యి" అన్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు అత్తా, ఆయనా ముందు దిగారు. మెట్ల మీద అమ్మాయి నాకోసం ఆగింది. అదే ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట.

"ఆ కడ్డీని మెడ ఎముక మిందనే ఎందుకు పెట్టుకుంటారు? రవ్వంత కిందికి దించి, భుజాల వెనక కండ మింద పెట్టుకుంటే దిండుతో పనేముండాది?" అంది. తర్వాత నన్నొకసారి పరీక్షగా చూసి, "కండ ఉండాది గదా?" అని అడిగింది.

"వస్తాండాది" అన్నాను.

ఆమె అంత గట్టిగా నవ్వుతుందని ఫోటోలో తెలియదు. కింద టైర్ల షాపువాళ్ళు కూడా తలెత్తి చూశారు.

సంబంధం పోయిందనే అనుకున్నాం. అత్త ఆ మధ్యాహ్నం నాకు గుడ్లు పెట్టలేదు. కానీ రెండు రోజులకు సిరుగుప్ప నుంచి ఫోను వచ్చింది. "పిలగాడు నిజమే జెప్పినాడమ్మా. ఆ పాటి బరువుకే పడిపాయ, హమాలీ ఐతే కానే కాదు. సూపర్‌వైజరే" అన్నాడట రైసుమిల్లాయన. ఇంకో మాట కూడా అన్నాడట. "సొంత దుడ్డు కట్టి, యాడికీ పోని బరువు మోసేటోడు. అల్లుడంటే ఇంతకంటే ఏం గావాల?"

పెళ్ళికి ముందే కడ్డీని కిందికి దించి చూశాను. ఉన్న పిసరంత కండ మీదే అది బుద్ధిగా కూర్చుంది. నొప్పి పోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెబితే రెండు పక్షాలూ కలిసి కొట్టేవి. మాస్టరప్ప పాడ్లు కొన్నాళ్ళకే పగుళ్ళిచ్చి స్పాంజి కక్కాయి, అట్టపెట్టెలు ఖాళీ కాలేదు, ఏజెంటు ఫోను ఎత్తలేదు. ఆ వారం నుంచే ఇనుముకు మళ్ళీ గౌరవం గుర్తొచ్చింది. బ్యాంకు సారు వెంటనే, సైన్సు ప్రకారమే, మళ్ళీ పాడ్ వైపు తిరిగాడు. అప్పటినుంచీ ఎవరైనా మరీ గట్టిగా సిద్ధాంతం చెబుతుంటే నేను నోరు చూడను, వాళ్ళ గది మూలన ఏ పెట్టెలు దిగాయో చూస్తాను.

పదేళ్ళు దాటాయి. జిమ్ముకు వెళ్ళడం ఎప్పుడో మానేశాను. కండ వస్తూ వస్తూ దారి తప్పి పొట్ట దగ్గర దిగింది. మొన్న మా ఆవిడ నా పాత ఫోను చార్జింగు పెట్టి చూస్తుంటే అందులో ఒక ఫోటో దొరికింది. జిమ్ము అద్దం ముందు, ఊపిరి బిగబట్టి, లేని ఛాతీని ముందుకు తోసి, ప్రపంచాన్నే మోయబోతున్నట్టు నిలబడి తీసుకున్నది. ఆమె దాన్ని పెద్దది చేసి చూసింది, ఇంకా పెద్దది చేసింది.

"ఎవురీ పిలగాడు? బాగుండాడే!" అంది.

నాకు ఒక్క క్షణం వాడి మీద ఈర్ష్య కలిగింది. "ఎవరో, నాకు తెలిసినోడే" అన్నాను.

"ఇప్పుడు యాడుండాడో పాపం" అంటూ ఆమె ఫోటోను తన ఫోనుకు పంపుకుంది.