కరెంటు తీయమని మొక్కిన రోజు

2011 సెప్టెంబరులో, సమ్మె మొదలవడానికి వారం ముందు, నన్ను జగిత్యాల నుంచి సిరిసిల్ల తహసీలు కార్యాలయానికి డిప్యూటీ తహసీల్దారుగా మార్చారు. తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మెకు దిగాం. వరద కంట్రోల్ రూముకు మాత్రం మేమే మినహాయింపు ఇచ్చుకున్నాం. పొద్దున టెంటులో నినాదాలు, ఆ తర్వాత ఫోన్ల దగ్గర కాపలా. రెండూ నాకు ఇష్టమైన పనులే.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే గంభీరావుపేట నుంచి కబురు వచ్చింది. ఎగువన వానలు పడి మానేరు వాగు మీది ప్రాజెక్టు నిండింది, మత్తడి మీదుగా నీళ్లు పొర్లబోతున్నాయి. ఆ నీళ్లు సాయంత్రానికి సిరిసిల్ల చేరతాయి. సరిగ్గా అదే వేళకు ఊళ్లోని ఆడవాళ్లంతా బతుకమ్మలెత్తుకొని, పిల్లలను వెంటబెట్టుకొని మానేరు ఇసుకలోకి దిగుతారు.

ఇలాంటప్పుడు ఒక పద్ధతి ఉంది. నాలుగు వాక్యాల హెచ్చరిక రాసి, తహసీల్దారు సంతకం తీసుకొని, రేడియో కేంద్రంలోని డ్యూటీ ఆఫీసరుకు ఫోనులో చదివి వినిపించాలి. ఆయన దాన్ని తిరిగి మనకు చదవాలి. అప్పుడే అది మీడియం వేవ్ ప్రసారంలోకి వెళుతుంది. ఒంటిగంటన్నరకు రేడియోలో చక్కగా చదివారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నాది కోరుట్ల. మా వాడలో బీడీలు చేసే ఆడవాళ్ల చాటల పక్కన రేడియో పొద్దంతా మోగేది. రేడియోలో చెబితే ఊరంతా విన్నట్టేనని నా నమ్మకం.

ఎందుకైనా మంచిదని నేత కార్మికుల వాడకు వెళ్లాను. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. అవి ఇంటింటా దడదడలాడుతున్నాయి. మేం పంపిన మైకు ఆటో ఆ చప్పుడులో కలిసిపోయింది. ఆడవాళ్లు గునుగు పూలు పేరుస్తున్నారు, ఒక్కరికీ సంగతి తెలియదు. రాజమల్లు అనే పెద్దాయన తన బ్యాటరీ రేడియో పెట్టి చూపించాడు. గరగర తప్ప ఏమీ లేదు.

"సాంచెలు నడుస్తుంటే గింతే సార్. మోటర్ల గరగరంత రేడియోల వడ్తది. కరెంట్ పోయినంకనే పెట్టుకుంటం, సమ్మె ముచ్చట్లు ఇనేటందుకు. మూడున్నరకు పోతది, గప్పుడు చెప్పియ్యుండ్రి" అన్నాడు.

బొగ్గు కొరతతో రోజూ ఆ వేళకు కోత ఉండేది. రేడియో కేంద్రానికి మళ్లీ ఫోను చేశాను. డ్యూటీ ఆఫీసరు మంచివాడు. మూడూ ముప్పై అయిదుకు రెండు నిమిషాలు ఇస్తానన్నాడు, ఆ తర్వాత ఢిల్లీ రిలే ఉందట. రాజమల్లు గడపలోనే కూర్చొని ఎదురుచూశాను.

మూడున్నర అయింది. కరెంటు పోలేదు. అన్ని రోజులూ ఠంచనుగా పోయిన కరెంటు ఆ ఒక్కనాడే పోలేదు! సెల్‌ఫోనులో సబ్‌స్టేషన్ ఆపరేటరును పట్టుకున్నాను. పండుగని కోత ఎత్తేశారన్నాడు. "పది నిమిషాలు తియ్యి తమ్మీ, నీకు దండం పెడ్త" అన్నాను.

"కరెంట్ ఇయ్యుమని తిట్టేటోళ్లనే సూసిన గని, తియ్యుమని మొక్కేటోళ్లను మిమ్ములనే సూస్తున్న సార్" అన్నాడు.

వాగు సంగతి చెప్పాను. "మా అవ్వ సుత గా వాగుకే పోతది" అన్నాడు.

సాంచెలు ఒక్కపెట్టున ఆగిపోయాయి. రాజమల్లు రేడియో మీట తిప్పాడు. పక్కింట్లో తిప్పారు, ఎదురింట్లో తిప్పారు. నేను పొద్దున రాసిన నాలుగు వాక్యాలు వాడ పొడుగునా ఒకే గొంతుతో వినిపించాయి. ఉద్యోగంలో అంత సంతోషం నాకు మరెప్పుడూ కలగలేదు.

రాజమల్లు భార్య పూల తాంబాళం ముందు నుంచి లేవకుండానే తేల్చేసింది. "ఇయ్యాల వాగే మనకు ఎదురొస్తదట. మనం దిగుడెందుకు? ఒడ్డుమీదనే ఆడుదం."

ఒడ్డుమీదనే ఆడారు. సమ్మె టెంటులోని మావాళ్లు డప్పులు తెచ్చారు. ఆరు దాటాక ఎర్రటి నీళ్లు ఖాళీ ఇసుక మీదికి వచ్చాయి. ఆడవాళ్లు పైమెట్ల మీద నుంచే బతుకమ్మలను వదిలి, చప్పట్లు కొట్టారు. ఆపరేటరు వాళ్ల అవ్వ కూడా వచ్చింది. మర్నాడు సబ్‌స్టేషన్ లాగ్ బుక్కు చూశాను. సరఫరా ఆపిన కారణం అన్న గడిలో అతను "బతుకమ్మ" అని రాశాడు.

హెచ్చరిక ఏ వేళకు చదివారన్నది మాకు రాసే అలవాటు ఉండేది. ఎవరు విన్నారన్నది ఎవరూ అడిగేవారు కాదు. తర్వాత కోరుట్లలోనూ జగిత్యాలలోనూ నేను పనిచేసిన ప్రతి కంట్రోల్ రూము రిజిస్టరులో "విన్నవారు" అని ఒక గడి అదనంగా గీయించాను. అందులో ఊరివాళ్ల పేరు ఒక్కటైనా పడేదాకా హెచ్చరిక ఇచ్చినట్టు సంతకం పెట్టలేదు.