ఒక్కసారే కనిపించిన హెచ్చరిక

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. తమ్ముడు అప్పన్న కళింగపట్నం దగ్గర సముద్రంలో పోయాక కూడా అందులో మార్పు రాలేదు.

హైదరాబాదులో నా ఉద్యోగం విమానాల డేటా చూడడం. ఇంజన్ల వేడి, ఒత్తిడి, అదురు, ఇలా వేల ప్రయాణాల లెక్కలు ప్రోగ్రాముకు ఇస్తాం. ఏ విమానమైనా మామూలుగా నడిచే తీరు తప్పితే తెర మీద ఎర్ర గీత పడుతుంది. అదే డేటాతో మళ్ళీ నడిపినప్పుడు గీత రాకపోతే పొరపాటు కింద వదిలేస్తాం.

తమ్ముడి పదోరోజున, వంశధార సముద్రంలో కలిసేచోట పిండం పెడితే కాకి ముట్టలేదు. ఎండ ముదురుతోంది. మా మేనమావ నా వైపు తిరిగాడు.

"ఏటే అలా సూస్తన్నావు? ఆడికేటి కోరికుండిపోనాదో సెప్పు. నీకు తెలీకపోతే ఎవులికి తెలుస్తాది?"

వాడికి విమానం ఎక్కాలని ఉండేది. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. అందరి ముందూ పిండంతో మాట్లాడడానికి సిగ్గేసింది. "నీ పెళ్ళాన్ని ఎక్కిస్తాన్రా" అన్నాను మెల్లగా. కాకి వచ్చింది. కాకులకు ఆకలేస్తుంది, అంతే అనుకున్నాను.

కొన్ని నెలలకు వాడి భార్య గౌరికి విశాఖ నుంచి హైదరాబాదుకు టికెట్ తీశాను. ఆమె విమానాశ్రయంలో కూర్చుని ఉండగా, ఆఫీసులో నా తెర మీద ఒక విమానం కుడి ఇంజన్‌కు ఎర్ర గీత పడింది. మళ్ళీ నడిపాను. రాలేదు. వదిలేయబోతూ అది ఏ విమానమో చూశాను. అప్పుడే విశాఖలో దిగింది. తిరుగు ప్రయాణంలో గౌరి ఎక్కబోయేది దాన్నే.

గౌరికి ఫోన్ చేశాను. ఎక్కవద్దని, ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికి వచ్చేయమని అన్నాను.

"ఏటయ్యింది వదినా?"

ఇంజన్‌లో ఏదో తేడా ఉండొచ్చు, ఎవరితోనూ అనకు అన్నాను.

"నా పక్కన ముసిలమ్మ కూకున్నాది. పిల్లలున్నారు. మరి ఈలకెవులు సెప్తారు వదినా? నాను సెప్పీనా?"

ఫోన్ పెట్టేసి, ఆ విమానం నడిపే కంపెనీ ఇంజనీర్లకు హెచ్చరిక పంపాను. మళ్ళీ నడిపితే గీత రాలేదన్న సంగతి చెప్పలేదు. చెబితే ఆపేవారు కాదు. విమానం నిలిపేశారు. సన్నని కెమెరా లోపలికి పంపి చూస్తే కుడి ఇంజన్ లోపల తిరిగే ఒక రెక్కలో పగులు కనిపించింది.

గౌరి బస్సులో ఊరికి వెళ్ళిపోయింది. "మీ మేనల్లుడే ఆపినాడు" అని మావతో చెప్పిందట. నాతో ఆ మాట అనలేదు. అసలు ఆ రోజు గురించే నాతో ఏమీ అనలేదు.

ఆఫీసులో ప్రోగ్రామును మెచ్చుకున్నారు. అదే డేటా, అదే ప్రోగ్రాము. నేను నడిపాను, తోటివాళ్ళు వేరే కంప్యూటర్లలో నడిపారు. ఎర్ర గీత మళ్ళీ ఎప్పుడూ పడలేదు. మొదటిసారి పడినట్టు మాత్రం సిస్టంలో నమోదై ఉంది కాబట్టి, నా కళ్ళు నన్ను మోసం చేశాయని అనుకోవడానికి లేదు.

ఆ గీత ఎలా వచ్చిందో ఈనాటికీ నాకు అంతు చిక్కలేదు. అది చూడగానే మొదట ఎవరికి ఫోన్ చేశానో మాత్రం మరిచిపోలేను.