ఫిర్దౌస్ రెండు బుగ్గలు

నరసరావుపేట మార్కెట్ సందులో ఫిర్దౌస్ బల్ల తెలియని ఆడమనిషి లేదు. అతిమధురం వేరు, మంజిష్ఠ, కస్తూరి పసుపు ఎండబెట్టి, తనే దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, మంగుమచ్చలకు పొట్లాలు కట్టి అమ్ముతుంది. కంపెనీ క్రీముల్లోనూ అతిమధురం వేస్తారని కూతురు ఆయేషా ఫోన్లో చూసి చెప్పినప్పటినుంచి ఆమెకు మరీ ధీమా. పక్కనే మొగుడు మౌలాలీ గొడుగులు బాగుచేస్తాడు. వానలు పోతే ఆయనకు ఈగలు తోలుకోవడమే పని.

అంతా బానే ఉందిగానీ, ఫిర్దౌస్ బుగ్గలు రెంటిమీదా మంగే!

"ఏమే, నీ మొహమే బాగుచేసుకోలేనిదానివి, మాకేం చేస్తావే?" అంది ఎదురింటి గ్రేసమ్మ, నలుగురిలో.

ఫిర్దౌస్‌కి రోషం పొడుచుకొచ్చింది. ఆ రోజునుంచి పొడి పాలల్లో కలిపి ఎడమ బుగ్గకే రాసింది.

"కుడిది వదిలేశావేందే?" అనడిగింది గ్రేసమ్మ.

"తేడా కనపడాలిగా అక్కా!"

మిరపకోతలయ్యేసరికి ఎడమ బుగ్గ మచ్చ పలచబడింది. జనం అటు చూసి, ఇటు చూసి, పొట్లాలు కొన్నారు.

గ్రేసమ్మ ఊరుకునే రకమా? ఓ రోజు బల్ల ముందు నిలబడి ఎగాదిగా చూసింది. "ఫిర్దౌసూ, నీ ఎడమపక్క గోడ నీడ. కుడిపక్క ఎండ చెంప పగలగొడుతోంది. మచ్చ తగ్గించింది పొడా, గోడా?"

ఫిర్దౌస్‌కి ఆ పూట అన్నం సయించలేదు. గోడ చేసిన పనికి తాను డబ్బు పుచ్చుకుంటోందా? మర్నాడే బల్ల తిప్పి వేసింది. పొడి రాసే బుగ్గ ఎండకు, రాయని బుగ్గ గోడకు.

ఎండలు ముదిరాయి. రాసిన బుగ్గ మళ్ళీ నల్లబడింది. రాయనిది కాస్త తేరుకుందిగానీ, మునుపటి ఎడమ బుగ్గంత కాదు. అంటే పొడీ కావాలి, నీడా కావాలి. ఫిర్దౌస్ గుండె కుదుటపడింది. బల్లకు పైన నీడకి టార్పాలిన్ పట్టా కట్టించి, రెండు బుగ్గలకూ రాసుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందొకటే అడుగుతుంది: "గొడుగుందా?" లేదంటే పొట్లం ఇవ్వదు.

"అబ్బో, మొగుడికి బేరాలు పోగేస్తున్నావే!" అంది గ్రేసమ్మ.

మౌలాలీ చేతిలో చువ్వ పక్కన పెట్టి నవ్వాడు. "ఈ బేరం పెట్టించింది నువ్వేగా అక్కా! ముందు నీ గొడుగు తే."

గ్రేసమ్మ ఇంట్లోకెళ్ళి రెక్క విరిగిన గొడుగొకటి పట్టుకొచ్చింది. ఆయన చేతిలో పెట్టి, ఎటో చూస్తూ, "ఓ పొట్లం కూడా కట్టవే," అంది.