పేరు ముందు ‘లేట్’

నిన్న ఒక శుభలేఖలో పెళ్లికొడుకు తండ్రి పేరు ముందు ‘లేట్’ అని చూశాను. చూడగానే బెల్ ఎయిర్ ఊళ్లో నేను చదివిన బడిలోని తడి పలకల వాసన ముక్కుకు తగిలినట్టయింది. నా ఈడువాళ్లారా, గోనెసంచి కప్పుకుని వానలో బడికి పోయిన రోజులు గుర్తున్నాయా?

నేను ఆ బడిలో చేరిన ఏడే నాన్న చెరకు తోటలోనే చలిజ్వరంతో కుప్పకూలిపోయాడు. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి, నన్ను బెల్ ఎయిర్‌లో మామయ్య ఇంటికి పంపేశారు. “నాన్న ఎప్పుడొస్తాడు?” అని అడిగితే అత్త పొయ్యివైపు తిరిగి, “వస్తాడులే” అనేది.

ఒకరోజు మాస్టారు ఇంగ్లీషులో నాన్న గురించి రాయమన్నారు. “మై ఫాదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్” అని పలకమీద రాసి చూపించాను.

“పోయినవాళ్ల గురించి ఇలా రాయకూడదమ్మా. మై లేట్ ఫాదర్ అని రాయాలి,” అంటూ మెల్లగా దిద్దారు. మామయ్య ఆయనతో చెప్పాడట. నాకూ తెలిసే ఉంటుందనుకున్నారు.

“ఎవరు పోయారు మాస్టారూ?” అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది.

పలక అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

“అత్తా, నాన్న చచ్చిపోయాడా?”

చేట కింద పెట్టి, “నీకెవరు చెప్పారే?” అంది.

అబద్ధమని మాత్రం అనలేదు.