చైనా హోటల్లో ఒకే కంచం

మొన్న మా పెండ్లిరోజుకు మా అమ్మాయి, అనంతపురంలో కొత్తగా తెరిచిన ఖరీదైన చైనీస్ హోటల్లో మా ఇద్దరికీ టేబుల్ బుక్ చేసి, 'ఇది మీ డేట్ నైట్ నాయనా, అమ్మను పిలుచుకొని పో' అని ఫోన్లో హుకుం జారీ చేసింది. పిల్లకేం తెలుసు! అటువంటి హోటలుకు మా ఆవిడను నేను ఒకే ఒక్కసారి, ముప్పై అయిదేళ్ల కిందట తీసుకుపోయాను. ఆ సంగతి మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇది చదివేవాళ్లలో నా యీడు మగవాళ్లు కొందరైనా ఉంటారు కాబట్టి, మీ దగ్గర దాచడమెందుకు, చెప్పేస్తాను.

అప్పటికి మా పెండ్లయి నాలుగు నెలలు. నాకు కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చి, బెంగళూరులో పదిరోజుల శిక్షణకు పిలిస్తే, బంధువుల గది ఒకటి ఖాళీగా ఉందని ఆమెనూ వెంటబెట్టుకుపోయాను. ఆమెది శింగనమల దగ్గర పల్లె, వేరుశనగ విత్తి మబ్బుల కోసం మెడలు నొప్పి పుట్టేదాకా చూసే ఇల్లు. వాళ్లింట్లో ఒక వాడుక ఉండేది. కొత్తగా పెండ్లయిన పిల్ల ఏడాదిపాటు, మొగుడు తిన్న తర్వాత అదే కంచంలో తినాలి. అట్లా తింటే ఆ జంటను ఎంతటి కరువూ విడదీయలేదని వాళ్ల అవ్వ నమ్మకం. అబద్ధమెందుకు, ఇంట్లో అది నాకు మహా ముచ్చటగా ఉండేది. సంగటి ముద్ద సగం కావాలనే వదిలి లేచేవాణ్ణి, ఆమె లోలోపల నవ్వుకుంటూ నా చోట కూర్చొని తినేది.

కొత్త పెండ్లాన్ని చైనా హోటలుకు తీసుకుపోనివాడు మొగుడే కాదని శిక్షణలో తోటివాళ్లు ఎగదోశారు, నేనూ ఎగిరాను. ఆమె ఉన్నవాటిలో మంచి నూలుచీర కట్టి, కనకాంబరాలు పెట్టుకొని, బస్సులో దారంతా నా మోచెయ్యి వదల్లేదు. లోపల ఎర్ర దీపాలు, తెల్లగుడ్డలు పరిచిన బల్లలు, గుసగుసగా మాట్లాడే దొరల్లాంటి మనుషులు. సర్వరు రెండు ప్లేట్లు పెడితే ఆమె తన ప్లేటును మెల్లగా పక్కకు జరిపింది. ఇక్కడ అట్లా కుదరదు, నువ్వూ తిను అని గొణిగితే, 'మీరు తినండి. మీ తట్టలోనే తింటా, ఇంకా ఏడాది కాలేదు కదా' అంది. వినే రకం కాదు. గబగబా సగం నూడుల్స్ మింగి ప్లేటు అటు తోశాను. ఆ జారిపోయే పోగులను చేత్తో పట్టుకొని, ఒక్కటి కూడా కింద పడకుండా, ఎంత సంతోషంగా తినిందో! నాకేమో సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

సరిగ్గా అప్పుడే మా శిక్షణాధికారి, ఆయన భార్య వచ్చారు. ఆయన మా జిల్లావాడే. మా బల్ల దగ్గర ఆగి, ఆమె ముందున్న నా ఎంగిలి ప్లేటునూ, నూనె అంటిన ఆమె వేళ్లనూ చూసి, 'ఏమప్పా, ఎవురీయమ్మ?' అన్నాడు. నా భార్య అనడానికి ఎంత సేపు పడుతుంది చెప్పండి? చెప్పుతో కొట్టినా తక్కువే, నా నోట వచ్చిన మాట ఇది: 'మా ఊరి మనిషి సార్. ఇంట్లో పనికి తెచ్చుకున్యాం. మిగిలింది తింటాండాది.'

పనిమనిషిని కూడా ఇంత పెద్ద హోటలుకు తెచ్చిన నా మంచితనాన్ని ఆయన భార్య మెచ్చుకుంది! ఆయన నన్ను తమ బల్లకు రమ్మన్నాడు. పోయాను. పోయి కూర్చొని సూపు తాగాను, ఆయన జోకులకు పళ్లికిలించాను. మా ఆవిడ, ప్లేటులో ఉన్నదంతా తిని, లేచిపోయి, పనిమనిషి ఎక్కడ నిలబడాలో అక్కడే, తలుపు పక్కన గోడకు ఆనుకొని, మా తిండి ముగిసేదాకా నిలబడింది. అట్లా నిలబడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కూర్చోమని నేనూ చెప్పలేదు.

తిరుగు బస్సులో నా మోచెయ్యి ముట్టుకోలేదు. ఏడవలేదు, తిట్టలేదు, తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. మరునాడు నేను తిని లేచాక, నా కంచం కడిగి బోర్లించి, వేరే కంచంలో అన్నం పెట్టుకుంది. సిగ్గులేని నోటితో, ఏడాది నిండలేదు కదా అన్నాను. 'పెండ్లాన్నని తింటి ఇన్నాళ్లు. అది పనిమనిషి తిండి అని మీరే చెప్తిరి' అంది, అంతే. ఆ తర్వాత పిల్లలు, బదిలీలు, నా గుండె ఆపరేషను, ఎందులోనూ ఆమె నాకు లోటు చేయలేదు గాని, నా కంచంలో మెతుకు మళ్లీ ముట్టలేదు. క్షమించమని అడగడానికి మగతనం అడ్డొచ్చి, రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను.

మొన్న కూతురి మాట కాదనలేక ఆమె వచ్చింది. ఇప్పుడు ఫోర్కు నాకంటే బాగా పట్టుకుంటుంది. నా కోసం ఆగకుండా తిని, సగంలో చాలని ప్లేటు పక్కకు పెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అని తెలిసీ, చెయ్యి చాపి ఆ ప్లేటు నా ముందుకు లాక్కోబోయాను. ఆమె నా చేతిని చూసింది. చూసి, సర్వరును పిలిచి, ప్లేటు తీసి అతని చేతిలో పెట్టి, 'తీసకపోప్పా, అయిపాయ' అంది.

మా చుట్టూ పడుచు జంటలు ఒకే ప్లేటులో ఇద్దరూ తింటూ, ఒకరి నోటికి ఒకరు అందిస్తూ ఫొటోలు తీసుకుంటున్నారు. ఎవరూ వాళ్లను వింతగా చూడలేదు. ఏ పని చూసి నేను ఆనాడు సిగ్గుతో చచ్చిపోయానో, ఈనాడు అది పదిమందికీ చూపించుకునే ముచ్చట అయింది. కాలం ఇంత మారుతుందని అప్పుడే తెలిసి ఉంటే అని రాయబోయి ఆగాను, ఎందుకంటే తెలిసినా ఆనాటి నేను ఆ మాటే అనేవాణ్ణి. ఇప్పుడు నేనూ మారాను, కానీ ఆమెకు దానితో పని లేదు.