వీలునామా మార్చాలని వచ్చే పెద్దాయన

రెండువేల సంవత్సరం దాటాక ఖమ్మంలో ప్రాక్టీసు పెట్టాను. కోర్టు కేసులు తక్కువ. ఇళ్ళ రిజిస్ట్రేషన్లు, వీలునామాలే నా బతుకుదెరువు. పని మాట తప్ప వేరే మాట మాట్లాడే మనిషి ఊళ్ళో నాకు లేడు.

ఒకరోజు బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన వచ్చాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఊళ్ళోనే ఖానాపురం హవేలి అనే పేటలో కట్టుకున్న ఇంటిని, పక్క వాటాలో కిరాయికుంటూ తనకింత అన్నం పెడుతున్న ఆమెకు చెందేలా వీలునామా రాయించాడు. తాను ఉన్నన్నాళ్ళూ ఆమెకు చెప్పొద్దన్నాడు.

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు.

“ఒక ముచ్చట మార్చాలె సారూ. మొత్తం సదువుండ్రి.”

చదివాను. కళ్ళు మూసుకుని విని, “మంచిగనే ఉంది, గట్లనే ఉండనీ,” అన్నాడు. ఆ తర్వాత గని లోపలి చీకటి గురించి, భార్య చేసే చేపల పులుసు గురించి చెబుతూ పొద్దుగూకేదాకా కూర్చున్నాడు.

అలా చాలాసార్లు వచ్చాడు. ఏనాడూ ఒక్క అక్షరం మార్పించలేదు. ఎందుకొస్తున్నాడో నాకు అర్థమైంది. అతను రాని వారం నాకూ తోచేది కాదు.

ఒక వానాకాలం రావడం పూర్తిగా మానేశాడు. కొన్నాళ్ళకు ఆ కిరాయి ఆమె వచ్చింది. పెద్దాయన దవాఖానాలో పోయాడని, పోయే ముందు నన్ను కలవమన్నాడని చెప్పింది. వీలునామా చదివి వినిపిస్తే కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. “మీ కాడికి బయల్దేరినప్పుడల్లా, మా దోస్తును కలిసొస్త అనేటోడు సారూ.”

నన్ను అలా చెప్పుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో మరెవరూ లేరు. ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు ఏ పనీ మొదలుపెట్టలేకపోయాను.