చెల్లెలికిచ్చిన రాతిగుట్ట
మాదాపూర్‌లో హైటెక్ సిటీ లేస్తున్న రోజుల్లో మా నాయన పోయాడు. పుప్పాలగూడ భూమిలో, భర్త లేని చెల్లెలికి వాటా ఇచ్చానని ఊరంతా నన్ను మెచ్చుకుంది. నిజానికి రోడ్డు పక్క చెలక నేనుంచుకుని, ఎవరూ కొనని రాతిగుట్ట ఆమె పేరున పట్టా చేయించాను. భూమి ఉందని మండలాఫీసు వాళ్లు ఆమె వితంతు పెన్షన్ ఆపారు, తెల్లకార్డు తీసేసుకున్నారు. చౌకబియ్యం ఆగిపోయాయి.

ఇద్దరు పిల్లలతో నా గడప ముందుకొచ్చింది.

"అన్నా, గా బండలు ఉడకవెడితే బువ్వయితదా? పట్టా నువ్వే తీస్కో, నా కార్డు నాకిప్పియ్యి."

"ఇప్పుడు నీ పేరు తీసేస్తే మంది ఏమనుకుంటరే?" అన్నాను.

ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, పిల్లలతో వెళ్లిపోయింది. ఆ రోజు బియ్యం బస్తా నా వెనక, తలుపు పక్కనే ఉంది.